"పుట్ ఆఫ్" అంటే వాయిదా ఒక్కటేనా?

ఒడిశాలోని గుణుపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షలకి ఇంగ్లీషు. ప్రాక్టీసు పుస్తకంలో "ఐ వజ్ పుట్ ఆఫ్ బై హిజ్ టోన్" అన్న వాక్యం వస్తే, నోట్సులో "అతని గొంతు వల్ల నన్ను వాయిదా వేశారు" అని రాసుకుంది. విశాఖలో చదువుతున్న వాళ్ల పెద్దనాన్న కొడుకు అది చూసి పడీ పడీ నవ్వాడట. పుట్ ఆఫ్ అంటే పోస్ట్‌పోన్ అనే కదా నేర్పారు, మరి ఇదేమిటి? ఇన్ని అర్థాలుంటే గుర్తుపెట్టుకునేదెలా? ఇంట్లో "పుట్ ఆఫ్ ద లైట్" అంటాం, అదీ తప్పేనా? ఒకేసారి మూడు ప్రశ్నలు వేసింది.

అమ్మా, నువ్వు అనే అంటాను, ఏమనుకోకు. పర్లాకిమిడిలో 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. నీ వయసు పిల్లల మధ్యే నా బతుకంతా గడిచింది. ముందు మీ అన్నయ్యకి నా మాటగా ఒకటి చెప్పు. నువ్వు రాసింది తప్పే గాని తెలివితక్కువ తప్పు కాదు. నేర్పిన ముక్కని నమ్మి వాడావు, అంతే. లోపం నేర్పిన మాది. బోర్డు మీద పుట్ ఆఫ్ అని రాసి, పక్కన ఈక్వల్ టు గుర్తు పెట్టి, పోస్ట్‌పోన్ అని రాసి చాక్‌పీసు దులుపుకుని వెళ్లిపోతాం. నేనూ మొదటి పదేళ్లు అదే చేశాను.

పుట్ అంటే పెట్టడం. అందులో పేచీ లేదు. తంటా అంతా ఆఫ్‌తోనే. స్విచ్చుల పుణ్యమా అని మనకి ఆఫ్ అంటే ఆరిపోవడం, ఆగిపోవడం అని మనసులో పడిపోయింది. దాని అసలు సంగతి అది కాదు. అంటుకుని ఉన్నది ఊడిరావడం, మీద ఉన్నది తొలగడం, దగ్గరున్నది దూరమవడం, ఇదీ ఆఫ్. చొక్కాకున్న గుండీ ఊడితే ఆఫ్. విమానం నేల విడిస్తే ఆఫ్. నిచ్చెన మీంచి మనిషి జారిపడినా ఆఫే. కాబట్టి పుట్ ఆఫ్ అంటే ఒకదాన్ని ఉన్నచోటి నుంచి తీసి అవతల పెట్టడం. ఈ బొమ్మ ఒక్కటి కళ్ల ముందు పెట్టుకుంటే చాలు, అర్థాల జాబితా బట్టీ పట్టక్కర్లేదు. వాక్యం కనబడగానే నిన్ను నువ్వు అడుక్కో: ఎవరిని తీశారు, దేని మీంచి తీశారు?

ఆదివారం మీంచి మీటింగుని తీసి అవతల పెడితే వాయిదా. చేపల కూర మీంచి నీ మనసుని తీసి అవతల పెడితే అయిష్టం. చేస్తున్న పని మీంచి నీ ధ్యాస తీస్తే ఏకాగ్రత చెడగొట్టడం. గుమ్మంలో నిలబడ్డ అప్పులవాణ్ణి మాటలతో అవతలికి నెడితే తిప్పి పంపడం. బస్సులోంచి మనిషిని తీసి రోడ్డు మీద పెడితే దించేయడం. పెట్టడం ఒకటే, పెట్టబడేది మారింది.

ముందు నీకు తెలిసిన వాయిదా సంగతే చూద్దాం. నీకు ఒడియా వచ్చు గనక నీ పని ఇంకా సులువు. ఒడియా పేపర్లో పరీక్ష వాయిదా వార్త ఎలా వేస్తారు? "పరీక్షా ఘుంచిలా" అని కదా. బెంచీ మీద పక్కపిల్లని "టికే ఘుంచొ" అంటే కాస్త జరుగు అని. అంటే ఒడియా వాళ్ల లెక్కలో పరీక్ష తేదీ కూడా బెంచీ మీద జరిగినట్టే జరుగుతుంది. మనమూ "ముహూర్తం వెనక్కి జరిపారు" అంటాం. ఇంగ్లీషువాడు అదే కదలికని పుట్ ఆఫ్ అన్నాడు. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, పుస్తకంలో ఒకటి అని నువ్వు మూడు భాషల మధ్య నలిగిపోతున్నానని రాశావు గాని, మూడింట్లోనూ ఇక్కడ జరిగేది ఒక్కటే.

తెలుగు మాట వాయిదాకే వేరే కథ ఉంది. అది అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకి వచ్చింది. పుట్టినచోట దానికర్థం మాట ఇవ్వడం. మాట ఇవ్వడం అన్న మాట మన కోర్టుల దాకా వచ్చేసరికి ఇచ్చిన తేదీ తప్పడం కింద తేలింది చూడు! ఇప్పటికీ "ఇవాళ కోర్టులో వాయిదా ఉంది" అంటే వెళ్లి తీరాలని, "ఫ్రిజ్ వాయిదాల మీద కొన్నాం" అంటే నెలనెలా కట్టాలని. ఈ రెండుచోట్లా పుట్ ఆఫ్ పనికిరాదు. కోర్టుది హియరింగ్, ఫ్రిజ్‌ది ఇన్‌స్టాల్‌మెంట్. తెలుగు మాటకి ఇంగ్లీషు మాట ఎదురుగా పెట్టి ఈక్వల్ టు గుర్తు గీస్తే వచ్చే చిక్కు ఇదే. గుర్తుకి రెండువైపులా తూకం ఎప్పుడూ సమంగా ఉండదు.

మరి పోస్ట్‌పోన్‌కీ పుట్ ఆఫ్‌కీ తేడా ఏమిటంటావా? లాటిన్‌లో పోస్ట్ అంటే తర్వాత, పోనెరె అంటే పెట్టడం. తర్వాత పెట్టడం, అవతల పెట్టడం. రెండూ ఒకే పని, వేసుకున్న బట్టలే వేరు. పోస్ట్‌పోన్ నోటీసు బోర్డు మాట, పుట్ ఆఫ్ నోటి మాట.

ఈ తేడా వేరే ఊరి పిల్లలకి చెప్పడం కష్టం గాని మా ఊరి పిల్లలకి ఇట్టే చెప్పేవాణ్ణి. మా పర్లాకిమిడి రాజావారి బడిలోనే కదా గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది! పుస్తకాల్లో ఒక తెలుగు, నోళ్లలో ఒక తెలుగు ఏమిటని ఆయన పట్టిన పట్టుతోనే వాడుక భాష బళ్లలోకి, పేపర్లలోకి వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఊరు ఒడిశాలో కలిసింది, పంతులుగారు రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ తేడా మాత్రం మా క్లాసులో రోజూ పనికొచ్చేది. "ఇంగ్లీషులోనూ గ్రాంథికం, వ్యావహారికం ఉన్నాయర్రా. పోస్ట్‌పోన్, క్యాన్సిల్, టాలరేట్ గ్రాంథికం. పుట్ ఆఫ్, కాల్ ఆఫ్, పుట్ అప్ విత్ వ్యావహారికం" అనేవాణ్ణి. లాటిన్ మాటలన్నీ అంత బిగుసుకుని ఉంటాయని కాదు, క్యాన్సిల్ ఇప్పుడు రిక్షావాడి నోట్లో కూడా ఉంది. దారి తెలియడానికి చెప్పిన మాట అది. స్నేహితుడితో "ఐ పోస్ట్‌పోన్డ్ మై హెయిర్‌కట్" అంటే వ్యాకరణం తప్పు లేదు. కానీ "నేను క్షౌరమును వాయిదా వేసితిని" అన్నట్టు ఉంటుంది. పరీక్షలో వ్యాసం రాస్తే, ఆఫీసుకి అర్జీ పెడితే పోస్ట్‌పోన్ రాయి. మాట్లాడేటప్పుడు, మెసేజ్ పెట్టేటప్పుడు పుట్ ఆఫ్ అను.

ఇంకో సన్నని తేడా ఉంది. పోస్ట్‌పోన్‌లో రంగూ రుచీ ఉండవు. పుట్ ఆఫ్‌లో చాలాసార్లు కాస్త బద్ధకమో, భయమో, ఇష్టం లేకపోవడమో అంటుకుని ఉంటుంది. "హి కీప్స్ పుటింగ్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్" అంటే పళ్ల డాక్టరు దగ్గరికి రేపు, ఎల్లుండి అంటూ నాన్చుతున్నాడని. నాన్చడం అన్న మన మాట ఇక్కడ వాయిదా కంటే చక్కగా అతుకుతుంది.

పోస్ట్‌పోన్‌కి ఎదురుగా మనవాళ్లు ప్రీపోన్ అని ఒకటి వాడుకలోకి తెచ్చారు. ముందుకి జరపడం. అది ఎక్కువగా మన దేశపు వాడుక, ఇప్పుడు నిఘంటువుల్లోకీ ఎక్కింది. నాకైతే ఆ మాటంటే ముచ్చటే. అవసరం పడింది, వాడుకున్నాం. కాకపోతే లండన్‌లో ఉన్నవాడికి మెయిల్ రాసేటప్పుడు "బ్రింగ్ ఫార్వర్డ్" అంటే వాడికి వెంటనే తెలుస్తుంది.

వాడే తీరులో పిల్లలు కాలు జారే చోట్లు చెబుతాను. ఇట్, దెమ్, మి, హిమ్ లాంటి చిన్నమాట వస్తే అది మధ్యలో దూరాలి. "పుట్ ఇట్ ఆఫ్" అనాలి, "పుట్ ఆఫ్ ఇట్" కాదు. పూర్తి పేరైతే మధ్యలోనైనా సరే, చివరైనా సరే: "పుట్ ద మీటింగ్ ఆఫ్", "పుట్ ఆఫ్ ద మీటింగ్", రెండూ ఒప్పే. తర్వాత పని పేరు వస్తే చివర ఇంగ్ ఉండాలి. "పుట్ ఆఫ్ గోయింగ్" అనాలి, "పుట్ ఆఫ్ టు గో" అంటే మార్కు పోయినట్టే. మన తెలుగులో "వెళ్లడం వాయిదా వేశాడు" అంటాంగా, ఆ "వెళ్లడం"లో ఉన్న "డం"ని ఇంగ్ అనుకో, ఎప్పటికీ తప్పు రాదు. ఎప్పటిదాకా అని చెప్పాలంటే అన్‌టిల్ లేదా టిల్: "పుట్ ఆఫ్ టిల్ మండే". ఎంతకాలం అని చెప్పాలంటే ఫర్: "పుట్ ఆఫ్ ఫర్ ఎ వీక్".

భూతకాలంలోనూ పుట్ పుట్‌గానే ఉంటుంది. "పుట్టెడ్" అని రాసిన పేపర్లు నేను వందల్లో దిద్ది ఉంటాను. పుట్టెడు వడ్లు, పుట్టెడు దుఃఖం మన తెలుగులో ఉన్నాయి గాని ఈ పుట్‌కి ఆ రూపం లేదు. దీనివల్ల ఒక మేలు కూడా ఉంది. "షి పుట్ ఆఫ్ ద ట్రిప్" అని కనబడితే పుట్ చివర స్ లేదు గనక అది జరిగిపోయిన సంగతి అని వెంటనే పట్టెయ్యొచ్చు. ఇప్పటి సంగతైతే "షి పుట్స్ ఆఫ్" అయ్యేది. పలికేటప్పుడు రెండు మాటలూ కలిసిపోయి పుటాఫ్ అవుతాయి, ఒత్తు చివరి ఆఫ్ మీద పడుతుంది. మనవాళ్లు పుట్ మీద గట్టిగా ఒత్తి, ఆఫ్‌ని మింగేస్తారు. అప్పుడు వినేవాడికి అసలు ముక్కే అందదు.

ఇక పుట్ ఆఫ్‌కీ కాల్ ఆఫ్‌కీ తేడా. ఇది మా ఇంట్లోనే మా మెడకి చుట్టుకుంది, కాబట్టి కాస్త విస్తారంగానే చెబుతాను.

2018లో మా బావమరిది కూతురికి బరంపురం సంబంధం కుదిరింది. వాళ్లూ తెలుగువాళ్లే, మూడు తరాలుగా అక్కడే ఉన్నారు. అక్టోబరు 14, ఆదివారం నిశ్చితార్థం అనుకున్నాం. 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాకి ఆ రోజు ఏం జరిగిందో నీకు చెప్పక్కర్లేదు, మీ వంశధార కూడా ఊళ్లమీద పడింది. మాకు కరెంటు లేదు, రోడ్ల మీద చెట్లు, పెరట్లో కొబ్బరిచెట్టు వంటింటి రేకుల మీద. ఫంక్షన్ ఆపుకోక తప్పదు. మా బావమరిది కొడుకు ఫోన్ పట్టుకుని డాబా ఎక్కాడు. ట్యాంకు పక్కన నిలబడితే ఒక్క గీత సిగ్నల్ వచ్చింది. అది పోయేలోపు పంపాలని, కింద నుంచి వాళ్ల నాన్న "ఫంక్షన్ ఆగిపోయిందని చెప్పరా" అని అరుస్తుంటే, గబగబా ఇంగ్లీషులో కొట్టాడు: "ఎంగేజ్‌మెంట్ కాల్డ్ ఆఫ్. సారీ." మెసేజ్ వెళ్లింది. సిగ్నల్ పోయింది. మళ్లీ నాలుగు రోజుల దాకా రాలేదు.

ఐదో రోజు పొద్దున్న పెళ్లికొడుకు పెదనాన్న, దారిపొడుగునా పడ్డ చెట్లు తప్పించుకుంటూ మోటారుసైకిలు మీద మా బావమరిది ఇంటికొచ్చి దిగాడు. ప్యాంటు మోకాళ్లదాకా బురద. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం బయటే నిలబడి, "ఏమండీ, మావైపు నుంచి ఏం తప్పు జరిగింది? పిల్లకి ఇష్టం లేదా? ఆ ముక్క చెబితే వెళ్లిపోతాను" అన్నాడు. మా బావమరిదికి ఏమీ అర్థం కాలేదు. ఆయన జేబులోంచి ఫోన్ తీసి మెసేజ్ చూపించాడు. నేను చదివి మేనల్లుడి వంక చూశాను. వాడి మొహం పాలిపోయింది. నా దగ్గరే ఇంగ్లీషు చదువుకున్నవాడు మరి!

కాల్ ఆఫ్ అంటే రద్దు. ఇక లేదు. పుట్ ఆఫ్ అంటే ఇప్పుడు కాదు, తర్వాత ఉంది. వాడు "ఎంగేజ్‌మెంట్ పుట్ ఆఫ్" అని కొట్టి ఉంటే ఆ పెద్దమనిషికి ఆ బురద ప్రయాణం తప్పేది. కానీ వాణ్ణొక్కణ్ణే అంటే ఏం లాభం? వాడి చెవిలో పడిన తెలుగు మాట ఏమిటి, "ఆగిపోయింది" అని. తెలుగులో వాన వల్ల మ్యాచ్ ఆగిపోయిందంటే కాసేపటికి మొదలవ్వొచ్చు, పెళ్లి ఆగిపోయిందంటే సంబంధమే చెడిపోయి ఉండొచ్చు. రెండింటికీ మనకి ఒకే మాట, మిగతాది గొంతులోనూ సందర్భంలోనూ తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ రెండూ వేర్వేరు గదులు. తెలుగు "ఆగిపోయింది"ని ఇంగ్లీషులోకి తెచ్చే ముందు, మళ్లీ ఉందా, లేదా అని ఒక్కసారి అడుక్కో. ఉంటే పుట్ ఆఫ్, లేకపోతే కాల్ ఆఫ్. ఆ పెళ్లి తర్వాత జరిగిందిలే. పెదనాన్నగారు ఇప్పటికీ ఎప్పుడు కలిసినా నన్ను "కాల్డ్ ఆఫ్ మాస్టారూ" అనే పిలుస్తారు.

ఇప్పుడు నీ వాక్యం. "ఐ వజ్ పుట్ ఆఫ్ బై హిజ్ టోన్." ఎవరిని తీశారు? ఐ, అంటే నన్ను. దేని మీంచి? అతని మీంచి, అతనితో ఏదో మాట్లాడాలనుకున్న ఆ కోరిక మీంచి. తీసినది ఏమిటి? అతని టోన్. టోన్ అంటే ఇక్కడ గొంతు కాదు, మాట తీరు. "అతని మాట తీరుకి నా మనసు వెనక్కి తగ్గింది" అని రాసుకో. "అతని మాట తీరు నచ్చక దూరం జరిగాను" అన్నా సరే. మనుషుల్ని వాయిదా వెయ్యలేం గదా. పుట్ ఆఫ్ అయినది పనో, తేదీయో, కార్యమో అయితే వాయిదా. మనిషి అయితే వాయిదాని పక్కనపెట్టి వేరే అర్థం చూడు. పరీక్షలో ఈ ఒక్క చూపుతో పదింట ఎనిమిది ప్రశ్నలు దాటేస్తావు.

ఈ అర్థం ఎంత బలమైనదో కూడా తెలియాలి. డిస్‌గస్ట్ అంటే కడుపులో తిప్పినట్టు. పుట్ ఆఫ్ అంత దూరం పోదు. ముందుకి వెయ్యబోయిన చెయ్యి వెనక్కి తీసుకోవడం లాంటిది. "మనసు విరిగింది" అన్న మాట దీనికి చాలాచోట్ల సరిపోతుంది. "మొహం మొత్తింది" సరిపోదు, అది ఎక్కువై విసుగు పుట్టడం. రోజూ వంకాయకూర తింటే మొహం మొత్తుతుంది. అదే వంకాయలో పురుగు కనబడితే పుట్ ఆఫ్ అవుతాం.

నాకు జరిగిన ఒకటి చెబుతాను. మన నౌపడా-గుణుపురం లైను 2004 దాకా నారోగేజేగా, 2011లో కదా బ్రాడ్‌గేజ్ మీద రైలు నడిచింది. ఆ చిన్న రైలు రోజుల్లో ఒక మే నెల మధ్యాహ్నం నౌపడాలో ఎక్కాను. సంతలకి సరుకు తీసుకెళ్లే ఆడవాళ్లు నెత్తళ్లు, రొయ్యపొట్టు బస్తాలు పెట్టెనిండా వేశారు. నా కాళ్లు ఒక బస్తా మీద, నా వీపు ఇంకో బస్తాకి ఆనుకుని. రైలు ఒకచోట ఆగి గంటన్నర కదల్లేదు. ఆ ఎండ, ఆ ఉప్పు వాసన. ఇంటికెళ్లేసరికి మా అత్తగారు అల్లుడొస్తున్నాడని ఏం వండి పెట్టిందనుకున్నావు? నెత్తళ్లు వంకాయ! ఎంతో ఇష్టమైన కూర, ముద్ద నోటిదాకా వెళ్లలేదు. ఏడాదిపాటు ఎండుచేప ముట్టలేదు. దీన్ని ఇంగ్లీషులో ఇలా అంటారు: "దట్ జర్నీ పుట్ మి ఆఫ్ డ్రైడ్ ఫిష్ ఫర్ ఎ ఇయర్." ఈ వాక్యం కట్టు చూడు. పుట్, తర్వాత మనిషి, తర్వాత ఆఫ్, తర్వాత వస్తువు. నన్ను ఎండుచేప మీంచి తీసి అవతల పెట్టిందా ప్రయాణం. ఆఫ్ తర్వాత వస్తువు బదులు పని కూడా రావచ్చు, దానికీ ఇంగ్ ఉండాలి: "పుట్ మి ఆఫ్ ఈటింగ్ ఫిష్". పోటీ పరీక్షల్లో ఖాళీలు పూరించమని ఇచ్చేటప్పుడు ఈ కట్టునే ఎక్కువ ఇస్తారు, ఎందుకంటే వాయిదా ఒక్కటే తెలిసినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఇదే అర్థంలో ధైర్యం చెప్పే వాక్యాలూ ఉంటాయి. "డోంట్ బి పుట్ ఆఫ్ బై ద సైజ్ ఆఫ్ ద బుక్" అంటే పుస్తకం లావు చూసి వెనకాడకు అని. "ద ప్రైస్ పుట్ దెమ్ ఆఫ్" అంటే ధర విని వెనక్కి తగ్గారని. అలా వెనక్కి తగ్గించే గుణం ఉన్నదాన్ని ఆఫ్‌పుటింగ్ అంటారు. ఆఫ్ ముందుకొచ్చి కూర్చుంది చూశావా? "యాన్ ఆఫ్‌పుటింగ్ స్మెల్", "హిజ్ మేనర్ ఈజ్ ఆఫ్‌పుటింగ్". ఈ మాటకి వాయిదాతో ఏ సంబంధమూ లేదు, వాయిదా వేసే మనిషిని ఆఫ్‌పుటింగ్ అనకూడదు.

ధ్యాస చెదరగొట్టడం అన్న అర్థం బ్రిటిష్ ఇంగ్లీషులో ఎక్కువ. క్యారమ్స్ బోర్డు దగ్గర ఎప్పుడైనా కూర్చున్నావా? రెడ్ మీద గురి పెట్టి, స్ట్రైకర్ వెనక వేలు మడిచి, ఊపిరి బిగబట్టి కొట్టబోతుంటాం. సరిగ్గా అప్పుడే ఎదుటివాడికి దగ్గొస్తుంది. ఆ దగ్గు నిజం కాదని వాడికీ తెలుసు, మనకీ తెలుసు. "స్టాప్ ఇట్, యూ ఆర్ పుటింగ్ మి ఆఫ్!" అంటే అప్పుడే. ఇక్కడ నువ్వు అతన్ని అసహ్యించుకోవడం లేదు, అతను నిన్ను వాయిదా వెయ్యడం లేదు, నీ గురి తప్పిస్తున్నాడు. పరీక్ష హాల్లో పక్కవాడు పెన్ను టకటకలాడిస్తున్నా ఇదే మాట.

తిప్పి పంపడం అన్న అర్థం నాకు మహా ఇష్టం, ఎందుకంటే ఇందులో మనవాళ్లు దిట్టలు. కిరాణా కొట్లో "నేడు రొక్కం, రేపు అరువు" బోర్డు చూసే ఉంటావు. రేపు వెళ్లినా అదే బోర్డు. అరువు అడగొచ్చినవాణ్ణి కొట్టువాడు రోజూ పుట్ ఆఫ్ చేస్తున్నాడన్నమాట. నా చిన్నతనంలో మా వైపు ఊళ్లలో ఇళ్ల గోడల మీద, తలుపుల మీద బొగ్గుతో, ఎర్ర సున్నంతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. రాత్రిపూట దయ్యం వచ్చి తలుపు కొడుతుందని, ఆ రాత చదివి రేపొద్దామని వెళ్లిపోతుందని, మర్నాడొచ్చి మళ్లీ అదే చదువుతుందని. చదువొచ్చిన దయ్యం, అదీ తెలుగు చదువొచ్చిన దయ్యం! ఇంగ్లీషులో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు: "దే పుట్ ద గోస్ట్ ఆఫ్ ఎవ్రీ నైట్." ఇక్కడ మనిషిని, పోనీ దయ్యాన్ని, వాయిదా వేసినట్టే ఉందే అంటావేమో. నిజమే, ఈ అర్థం వాయిదాకీ మనిషికీ మధ్య గట్టు మీద నిలబడింది. ఇందాక నేను చెప్పిన లెక్క ఇక్కడ కాస్త వంగుతుంది. తేదీ జరపడం ఉంది, సాకు చెప్పడమూ ఉంది. ఆఫీసులో పని కోసం తిరిగేవాడు "దే కీప్ పుటింగ్ మి ఆఫ్" అంటే "రేపు రా, మాపు రా అని తిప్పుతున్నారు" అని అర్థం. పుట్‌కీ ఆఫ్‌కీ మధ్య మనిషి ఉండి, కీప్ గాని విత్ గాని పక్కన కనబడితే ఇదే అర్థమేమోనని చూడు. "హి పుట్ మి ఆఫ్ విత్ ఎ స్టోరీ" అంటే ఏదో కథ చెప్పి పంపేశాడని.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. "ద కండక్టర్ పుట్ హిమ్ ఆఫ్ ఎట్ కొమరాడ" అంటే రాయగడ బస్సులో టికెట్ లేనివాణ్ణి కొమరాడలో దించేశాడని. పడవ ఒడ్డు విడిచి బయల్దేరినా పుట్ ఆఫ్ అంటారు, నీ పరీక్షలో రాదు. పాత ఇంగ్లీషు బైబిల్లో "పుట్ ఆఫ్ దై షూజ్" అని ఉంటుంది, మోషేతో చెప్పులు విడువుమన్న చోట. మా కొండల్లోని సవర పిల్లలు చర్చిలో ఆ కథ విని ఉంటారు గనక వాళ్లకి ఈ అర్థం నేను చెప్పేలోపే తట్టేది. ఇప్పుడు బట్టలకి, చెప్పులకి టేక్ ఆఫ్ అంటాం.

ఒక్క వాక్యం ఇస్తాను, మీ అన్నయ్యని అడుగు. "హి పుట్ హర్ ఆఫ్." అర్థమేమిటో ఒక్కటి చెప్పమను. ఏదో ఒకటి చెప్పేశాడంటే వాడికీ సగమే తెలుసు. ఆమె మనసు విరిచాడా, ధ్యాస చెదరగొట్టాడా, రేపు రమ్మని పంపాడా, బస్సులోంచి దించాడా, ముందు వెనక వాక్యాలు లేకుండా ఎవరూ చెప్పలేరు. అన్నీ తెలిసినవాడు "సందర్భం చెప్పు" అంటాడు.

ఇక లైటు. "పుట్ ఆఫ్ ద లైట్" తప్పని కొట్టిపారెయ్యను. తీగ మీంచి కరెంటుని తీసి అవతల పెడుతున్నాం, బొమ్మ కుదిరింది. మన దేశమంతా అంటుంది, బ్రిటన్‌లోనూ అనేవాళ్లు లేకపోలేదు. పరీక్షలో మాత్రం స్విచ్ ఆఫ్ గాని టర్న్ ఆఫ్ గాని రాయి, అనుమానం ఉండదు. కొవ్వొత్తి, దీపం, పొయ్యి లాంటి మంట ఉన్నవాటికి పుట్ అవుట్. ఆ మాటకొస్తే మనవాళ్లు దేవుడి దగ్గర దీపం ఆరిపోయిందని కూడా అనరు, కొండెక్కిందంటారు. దానికి ఇంగ్లీషు అడక్కు, నా దగ్గర లేదు. మా ఆవిడ ఇప్పటికీ రాత్రి పదయ్యేసరికి "పుట్ ఆఫ్ ద లైట్ అండీ, ఎంతసేపు రాస్తారు" అంటుంది. ఇంగ్లీషు మాస్టారి పెళ్లాం కదా, దిద్దడం ఎందుకని లేచి ఆపేస్తాను.